మూసీ వరదకు లెక్క కట్టిన మోక్షగుండం

పాంచాలంకురిచ్చి కోట చూడ్డానికి వచ్చేవాళ్లకు మనవాళ్లు ముందుగా కట్టబొమ్మన కథే చెబుతారు. 1799లో కుంఫిణీ సేన కోట మీదికి రావడం, కయత్తారులో ఆయన్ను ఉరితీయడం, తమ్ముడు ఊమైదురై మళ్లీ కోట లేపడం, 1801లో తెల్లవాళ్లు దాన్నీ నేలమట్టం చేయడం... ఇవన్నీ ఇక్కడి చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. 2023 డిసెంబర్ దాటాక దానికి తోడు ఇంకో కథ చేరింది. అది వాన కథ.

ఆ నెల 17, 18 తేదీల్లో తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల మీద ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. కాయల్‌పట్టినంలో 24 గంటల్లో 95 సెంటీమీటర్లు! తూత్తుకుడి జిల్లాలో ఏడాది పొడుగునా పడే సగటు వాన కంటే ఇది ఎక్కువ. తామ్రపర్ణి ఊళ్ల మీదికొచ్చింది. తిరుచెందూరు నుంచి చెన్నై వెళ్లే రైలు శ్రీవైకుంఠం స్టేషన్లో ఆగిపోతే, దాదాపు 800 మంది చుట్టూ నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మనది నల్లరేగడి. చినుకు కోసం మొగులు వంక చూసే నేల. అలాంటి చోట నీళ్లు ఎక్కువై ఏడ్చే రోజు వస్తుందని ఎవరనుకున్నారు?

వాన వెలిశాక ఏ ఊళ్లో చూసినా ఒకటే మాట. ఇన్ని నీళ్లు ఎక్కడివి? ముందు ఏ చెరువు తెగింది? మళ్లీ ఇట్లా వస్తే ఏం చేయాలి?

దానికి సరిగ్గా 115 ఏళ్ల ముందు ఇవే ప్రశ్నలు హైదరాబాద్‌లో పుట్టాయి. జవాబు వెతకడానికి నిజాం సర్కారు పిలిపించిన ఇంజనీరు మనలాగే సరిహద్దు దాటి వెళ్లిపోయిన తెలుగింటి బిడ్డ. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఇంటిపేరులోనే ఊరు

మోక్షగుండం ప్రకాశం ప్రాంతంలోని ఊరు. ఆయన పూర్వీకులు ఎన్నో తరాల కిందటే అక్కణ్నుంచి మైసూరు సీమకు తరలిపోయారు. ఊరు వదిలినా పేరు వదల్లేదు, ఇంటిపేరుగా వెంట తీసుకుపోయారు. మన వైపు నాయుళ్లు, నాయకర్లు, రెడ్లు ఎట్లా దక్షిణాదికి వచ్చి స్థిరపడ్డారో, ఇంట్లో తెలుగు ఎట్లా నిలబెట్టుకున్నారో మనకు తెలిసిందే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ తమిళంలో రాసిన గోపల్ల గ్రామం నవలంతా ఆ వలస కథే కదా! విశ్వేశ్వరయ్యగారి ఇంటిదీ అలాంటి కథే. కాకపోతే వాళ్లు కన్నడ దేశంలో ఆగారు.

చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబర్ 15న పుట్టారు. 1860 అని చెప్పేవాళ్లూ ఉన్నారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంట్లో డబ్బు లేదు. బెంగళూరులో మేనమామ అండ చూసుకుని, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. 1881లో బి.ఏ. ఆ పట్టా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయమే. తర్వాత మైసూరు సర్కారు స్కాలర్‌షిప్పుతో పూనా వెళ్లి ఇంజనీరింగ్ చదివి, పరీక్షల్లో మొదటివాడిగా నిలిచారు. 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం దొరికింది.

అక్కడ పాతికేళ్లకు దగ్గరగా పనిచేశారు. సింధులో సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు, దక్కన్‌లో సాగునీటి పంపకానికి బ్లాకు పద్ధతి, అరేబియా ఒడ్డున ఏడెన్‌కు నీటి పథకం, ఇలా చాలా ఉన్నాయి. మన కథకు పనికొచ్చేది మాత్రం పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువు. ఏటా వరద పొర్లి వృథాగా పోయేది. కట్ట ఎత్తు పెంచాలంటే ఖర్చు, భయం. ఆయన అలుగు మీద తనంతట తానే తెరుచుకుని మూసుకునే గేట్లు పెట్టారు. నీళ్లు ఒక మట్టం దాటితే గేటు లేస్తుంది, తగ్గితే వాలుతుంది. కాపలా మనిషి అక్కర్లేదు. 1903 నాటికి అవి పనిలోకి వచ్చాయి. కట్ట పెంచకుండానే సుమారు 8 అడుగుల నీళ్లు అదనంగా నిలిచాయి. మన వైపు అలుగును కలుంగు అంటాం. అర్ధరాత్రి కలుంగు దగ్గర పలకలు తీయడానికి పోయి నానా అవస్థపడ్డ పెద్దాయన ప్రతి ఊళ్లో ఒకరుంటారు. ఆ గేటు విలువేమిటో ఆయన్నడిగితే తెలుస్తుంది.

ఇంత చేసినా, తెల్లవాళ్ల ఏలుబడిలో భారతీయుడికి చీఫ్ ఇంజనీరు కుర్చీ దక్కడం కష్టమని ఆయనకు అర్థమైపోయింది. 1908లో ఉద్యోగం వదిలేసి విదేశాలు చూడ్డానికి బయల్దేరారు. ఆ పర్యటనలో ఉండగానే హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది.

చింతచెట్టు మీద ప్రాణాలు

1908 సెప్టెంబర్ 28. అంతకుముందే రెండు రోజులుగా ముసురు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్ల పైన కురిసింది. మూసీ, దాని ఉపనది ఈసా రెండూ ఒకేసారి పోటెత్తాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 19,000 ఇళ్లు కూలాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది అని ఒక అంచనా, అంతకు చాలా ఎక్కువని మరో అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టెక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు తర్వాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో భాగమైంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గంజి కేంద్రాలు తెరిపించాడు, సాయం అందించాడు. అది ఏ రాజైనా చేసేదే. అంతటితో ఆగకుండా, మళ్లీ ఇలా జరక్కుండా ఏం చేయాలో తేల్చే మనిషి కోసం వెతకడం మాత్రం ఆ రోజుల్లో కొత్త సంగతి. పర్యటన ముగించుకుని విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు. అక్టోబర్‌కల్లా నివేదిక ఇచ్చేశారు. ఆరు నెలలు కూడా పట్టలేదు!

ముందు లెక్క, తర్వాతే కట్ట

వరద వచ్చిన చోట సామాన్యంగా ఎవరైనా ఏమంటారు? ఏటి గట్లు ఎత్తు పెంచమంటారు. అది పైకి కనబడే పని, జనం సంతోషిస్తారు. ఆయన ముందు అటు పోలేదు. కొలతల దగ్గర మొదలుపెట్టారు.

ఏట్లో ఎన్ని నీళ్లు వచ్చాయన్నది మొదటి లెక్క. వరద పోయాక దాన్ని కొలిచేదెట్లా? నీళ్లు పోయినా గుర్తులు పోవు. గోడల మీద మట్టి చార ఎంత ఎత్తున ఉందో చూస్తారు. అక్కడ ఏరు ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత వాలు అన్నది కొలుస్తారు. వాలును బట్టి వేగం, వేగాన్ని వెడల్పు లోతులతో గుణిస్తే ప్రవాహం తేలుతుంది. అలా హైదరాబాద్ దగ్గర మూసీలో ఆ రోజు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీళ్లు పారాయని లెక్క తేలింది. అంటే 4.25 లక్షల క్యూసెక్కులు. మామూలు రోజుల్లో పశువులు దాటిపోయే ఏరది.

ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది రెండో లెక్క. ఇక్కడే మన చెరువుల నేలకు సంబంధించిన అసలు సంగతి ఉంది. నగరానికి ఎగువన మూసీ, ఈసా పరీవాహకంలో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకొకటి. మన రామనాథపురం, విరుదునగర్ కణ్మాయ్‌ల మాదిరే అవీ గొలుసుకట్టు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే ఆ కిందిది. వాన పద్ధతిగా పడినన్నాళ్లు ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. కానీ పైన ఒక కట్ట తెగితే? ఆ చెరువు నీళ్లన్నీ ఒక్క ఊపున కింది చెరువు మీద పడతాయి. దాని అలుగు అన్ని నీళ్లకు సరిపోదు, అదీ తెగుతుంది. రెండు చెరువుల నీళ్లు కలిసి మూడోదాని మీదికి... 1908లో అలా 221 చెరువులకు గండ్లు పడ్డాయి. ఆకాశం నుంచి పడ్డ వాన ఒకటైతే, ఏళ్ల తరబడి మనుషులు దాచుకున్న నీళ్లు గంటల్లో ఊరి మీద పడటం ఇంకొకటి. నగరం ఆ రెండు దెబ్బలూ తింది.

మూడోది, రేపటి లెక్క. ఇంతటి వాన మళ్లీ పడుతుందా? ఇంకా ఎక్కువ పడుతుందా? చుట్టుపక్కల వాన రికార్డులు తీసి, ఇతర చోట్ల పడ్డ భారీ వానలతో పోల్చి చూశారు. ఒకసారి వచ్చింది కాబట్టి నూరేళ్ల దాకా రాదులే అనే ధీమా ఆయన దగ్గర లేదు. జరిగిన వరదకు కాదు, రాబోయే వరదకు కట్టాలి అన్నది ఆయన పద్ధతి. ఇవాళ ప్రపంచమంతా ప్రకృతి విపత్తుల మీద పరిశోధనలకు ప్రణాళికలు వేస్తోంది. ఐక్యరాజ్యసమితి 1990 నుంచి 1999 వరకు పదేళ్లను ఆ పనికే కేటాయించింది. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. అందులోనూ మొదట ఉన్నది ప్రమాదాన్ని కొలిచి అర్థం చేసుకోవడమే. అప్పట్లో ఆయనకు ఉపగ్రహం లేదు, కంప్యూటరు లేదు. కొలత గొలుసు, లెవెల్ యంత్రం, వాన రిజిస్టర్లు, అంతే.

రెండు చెరువుల ఉపాయం

లెక్కలు తేలాక ఉపాయం తేలిగ్గానే కనబడుతుంది. నీళ్లను నగరంలో ఆపలేం, పైనే ఆపాలి. నగరానికి కొన్ని మైళ్ల ఎగువన మూసీ మీద ఒక జలాశయం, ఈసా మీద మరొకటి కట్టమన్నారు. వరద వచ్చినప్పుడు అవి మింగాలి, తర్వాత ఏరు భరించినంత మేరకే మెల్లగా వదలాలి. దీనికి ఒక షరతుంది. వాన ముంచుకొచ్చే వేళకు చెరువులో ఖాళీ ఉండాలి. నిండా నీళ్లున్న కుండలో ఇంకో చెంబు పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా! వీటికి తోడు నగరంలో ఏటి గట్లు లేపి, వాటి పొడుగునా రోడ్లు, తోటలు వేయమన్నారు. మురుగునీటికి వేరే దారి చూపించారు. వానకు, రోగానికి దగ్గర చుట్టరికం ఉందని ఆయనకు తెలుసు.

నివేదిక ఇచ్చిన కొద్ది కాలానికే మైసూరు సంస్థానం ఆయన్ను చీఫ్ ఇంజనీరుగా తీసుకుపోయింది. కాబట్టి ఆ జలాశయాలను ఆయన దగ్గరుండి కట్టించలేదు. ఏడో నిజాం కాలంలో గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఒకటి నాలుగు టీఎంసీలకు, ఇంకోటి మూడు టీఎంసీలకు కాస్త తక్కువ. వరద ఆపడానికి తలపెట్టినవి నగరానికి మంచినీళ్లు కూడా ఇచ్చాయి. మురుగునీటి పథకం కోసం 1922లో, మళ్లీ 1930లో హైదరాబాద్ ఆయన్ను పిలిపించుకుంది.

మైసూరు కథ అందరికీ తెలిసిందే. కృష్ణరాజసాగర్ మొదలుపెట్టారు, 1912లో దివాన్ అయ్యారు, మైసూరు విశ్వవిద్యాలయం, బెంగళూరు ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించారు. తమిళనాట ఆయన పేరెత్తితే కొందరికి కావేరి గొడవ గుర్తుకొస్తుంది. కృష్ణరాజసాగర్ ఎత్తు మీద మద్రాసు, మైసూరుల మధ్య నడిచిన తగాదా 1924 ఒప్పందం దాకా సాగింది. ఆయన్ను దేవుణ్ని చేయాల్సిన పనీ లేదు. వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న మైసూరు మహారాజు ఆలోచన ఆయనకు రుచించలేదు, 1918లో దివాన్‌గిరీ వదులుకోవడానికి అదీ కారణం. నీళ్ల లెక్కలో కనబడ్డంత చూపు మనుషుల లెక్కలో కనబడదు, ఏం చేస్తాం.

ఒరిస్సా పిలుపు

దివాన్ పదవి పోయాక కూడా ఆయన ఊరుకోలేదు. 1923లో లక్నోలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ ఎలా ఉండాలో పుస్తకం రాశారు. దేశంలో ప్రణాళిక అన్న మాటకు అంత చెలామణి లేని రోజులవి. ఆ దశకంలోనే మహానది వరదలతో ఒరిస్సా డెల్టా అల్లాడిపోయింది. సలహా అడిగితే ఆయన చెప్పింది, సరిగ్గా హైదరాబాద్‌లో తాను చేసిందే. డెల్టాలో గట్ల దగ్గర కొట్టుకోవడం కాదు, నది మొత్తాన్ని ముందు సమగ్రంగా పరిశోధించండి, ఎగువన జలాశయాలకు చోటు ఎక్కడుందో చూడండి అని. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదు దాటింది. ఆ ఆలోచన పండి హీరాకుడ్ ఆనకట్ట అయింది. 1957 జనవరిలో నెహ్రూ దాన్ని ప్రారంభించారు.

1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ముద్దేనహళ్లిలో ఆయన పుట్టిన ఇల్లు, సమాధి చూడ్డానికి జనం వెళ్తుంటారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 15ను దేశమంతా ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు.

నివేదిక బీరువాలో, ఇళ్లు ఏట్లో

మరి ఆ లెక్కల్ని హైదరాబాద్ గుర్తుపెట్టుకుందా? కొంత పెట్టుకుంది. 1908 నాటి ప్రాణనష్టం ఆ నగరం మళ్లీ చూడలేదు. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపు చేస్తూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించింది. పైన జలాశయాలు కాపలా ఉన్నాయి కదా అని కింద ఏటి ఒడిలోనే కట్టడాలు లేచాయి. నగరం లోపలి చెరువుల గొలుసు చాలాచోట్ల తెగింది. కాలవ మీద కాలనీ, అలుగు మీద అపార్ట్‌మెంటు.

ఫలితం కూడా చూశాం. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది, 1908లో శంషాబాద్‌లో పడ్డంత వాన. ఆ రోజుల్లోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు నీళ్లు కాలనీల మీద పడ్డాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే, మూసీ మధ్యలో కట్టుకున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి. జలాశయం తప్పు కాదది. దాని పని అది చేసింది.

అదే హైదరాబాద్ ఇంకో మంచి పనీ చేస్తోంది. 2004 సునామీ మన తూత్తుకుడి, కన్యాకుమారి తీరాలను కూడా తాకింది. ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున భూమి కదిలితే హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు అక్కణ్నుంచి కబురు వెళ్తుంది. సముద్రమే లేని ఊరు సముద్రానికి కాపలా కాస్తోందన్నమాట.

ఇక మన సంగతి. మూసీ మీద 1908లో 32 సెంటీమీటర్లకు వేలమంది పోయారు. 2023లో కాయల్‌పట్టినంలో దానికి మూడింతలు పడితే, రెండు జిల్లాల్లో కలిపి ప్రాణనష్టం పదుల్లో ఆగింది. అది చిన్న సంగతేం కాదు. కాకపోతే ఆ నీటి చారలు ఇప్పటికీ కొన్ని గోడల మీద ఉన్నాయి, సున్నం వేస్తే పోతాయి. ఏ కణ్మాయ్ ఎన్ని గంటలకు తెగింది, నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయి, ఏ గుడి మెట్టు దాకా తాకాయి అన్నది పెద్దవాళ్ల నోళ్లలోనే ఉంది. విశ్వేశ్వరయ్య హైదరాబాద్ వచ్చేసరికి వరద పోయి ఆరు నెలలు దాటింది. గోడల మీద చార ఉండగానే ఆయన కొలుచుకున్నారు.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు ఇంకా ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది దాని కింద చేరి 1908లో పోయినవాళ్లను తలుచుకుంటారు.